సవన్నా మేతజీవుల వలస: సెరెంగెటి–మారా మందలు

ఎండ, వాన అన్న రెండు కాలాల మధ్య బతికే గడ్డినేలల్లో మేతా నీళ్ళూ ఏడాది పొడవునా ఒక్కచోట దొరకవు. వాటికోసం మేతజీవులు మందలుగా బయలుదేరి, నెలల తరబడి తిరిగి, చివరికి మొదటి చోటికే చేరుకుంటాయి. దీన్నే ఋతు వలస అంటారు. మన పాలమూరు గొల్లకురుమలు ఎండలు ముదరగానే మందలు తోలుకుని నీళ్ళున్న సీమలకు పోయి, వానలు పడ్డాక ఇళ్ళు చేరడంలో ఉన్న లెక్కే ఇందులోనూ ఉంది. తోలే కాపరి మాత్రం ఇక్కడ లేడు. ఆఫ్రికా సవన్నాల్లో ఒకప్పుడు ఇలాంటి వలసలు ఎన్నో ఉండేవి. మిగిలిన కొద్దిపాటి వాటిలో శాస్త్రవేత్తలు ఎక్కువగా పరిశీలించింది, లోకానికి ఎక్కువగా తెలిసింది టాంజానియా ఉత్తరాన ఉన్న సెరెంగెటికీ, కెన్యా నైరుతి మూలన ఉన్న మసాయి మారాకూ మధ్య సాగే వలస.

ఈ వలసలో పెద్ద భాగం వైల్డ్‌బీస్ట్‌ది. గ్నూ అని కూడా పిలిచే ఈ జంతువు మన పశువులు, మేకలు, జింకలు ఉన్న కుటుంబానికే చెందుతుంది. వంకర కొమ్ములు, పొడవాటి ముఖం, మెడకింద తెల్లని గడ్డం, వెనక్కి వాలిన నడుము; అందగత్తె అని ఎవరూ అనరు. చాలాకాలంగా చెప్పుకుంటున్న లెక్క ప్రకారం వలసలో గ్నూలు సుమారు 13 లక్షలు. వాటితో పాటు దాదాపు 2 లక్షల జీబ్రాలు, లక్షల్లో థామ్సన్ గజెల్ జింకలు, కొన్ని వేల ఎలాండ్‌లు కదులుతాయి. ఇవన్నీ తిరిగే నేల 25,000 చదరపు కిలోమీటర్లకు పైమాటే. అందులో సెరెంగెటి జాతీయ పార్కు 14,763 చదరపు కిలోమీటర్లు. మారా రిజర్వు దానిలో పదో వంతు మాత్రమే.

టీవీలో ఈ వలసను చూసినవారికి నది, మొసళ్ళు గుర్తుండిపోతాయి. కానీ మందలను ఏడాది పొడవునా నడిపించేది గడ్డి. ఆ గడ్డిలో ఉన్న కాల్షియం, భాస్వరం, మాంసకృత్తుల లెక్క తెలిస్తే వలసలో సగం అర్థమైనట్టే.

నేల, వాన

సెరెంగెటి ఆగ్నేయ మైదానాలకు తూర్పున న్గోరోంగోరో అగ్నిపర్వత మిట్టలు గోడకట్టినట్టు నిలబడి ఉంటాయి. హిందూ మహాసముద్రం మీదుగా వచ్చే తేమగాలులు ఆ మిట్టల తూర్పు వాలు మీదే చాలావరకు కురిసిపోతాయి. వెనకనున్న మైదానాలు వానచాటున పడిపోయి, ఏడాదికి 500 మిల్లీమీటర్లతో సరిపెట్టుకుంటాయి. అక్కడినుంచి వాయవ్యానికీ ఉత్తరానికీ పోయేకొద్దీ వాన పెరుగుతూ, మారా దగ్గరికి వచ్చేసరికి 1,000 మిల్లీమీటర్లు దాటుతుంది.

ఇంత తక్కువ వానపడే ఆగ్నేయ మైదానాలే మందలకు ప్రాణం. కెరిమాసి, ఓల్ డోయినియో లెంగాయ్ అనే అగ్నిపర్వతాలు వేల సంవత్సరాలుగా చిమ్మిన బూడిద గాలికి కొట్టుకొచ్చి ఈ నేల మీద పరుచుకుంది. లెంగాయ్‌ని మసాయిలు దేవుడి కొండగా కొలుస్తారు. అది ఇప్పటికీ రగులుతూనే ఉంది, 2007–08లో గట్టిగానే పేలింది. ప్రపంచంలో సోడియం కార్బొనేట్లు నిండిన లావాను చిమ్మే సజీవ అగ్నిపర్వతం అదొక్కటే. ఆ బూడిదలోని కాల్షియం నీటికి కరిగి, కిందికి దిగి, అడుగు మూడడుగుల లోతున సిమెంటులాంటి గట్టి పొరగా పేరుకుంది. చెట్ల వేళ్ళు ఆ పొరను చీల్చుకుని పోలేవు. అందుకే కనుచూపు మేరా చెట్టన్నది లేని పొట్టిగడ్డి బయలు. ఆ పొట్టిగడ్డిలో ఖనిజాలు మాత్రం దండిగా ఉంటాయి.

ఉత్తరాన దీనికి తలకిందులు. వాన బాగా పడుతుంది కనుక గడ్డి మనిషి నడుము ఎత్తు పెరుగుతుంది. పెరిగిన గడ్డి ముదురుతుంది, పీచెక్కుతుంది, బలం తగ్గుతుంది. కానీ ఎండాకాలంలో కూడా అక్కడ ఎంతో కొంత పచ్చదనం, పారే నీరు ఉంటాయి. బలమైన గడ్డి ఉన్నచోట నీళ్ళు నిలవవు, నీళ్ళు నిలిచేచోట గడ్డికి బలం లేదు. ఈ రెండింటినీ కలిపే ఉపాయమే వలస.

వానల విషయానికొస్తే, నవంబరు–డిసెంబరుల్లో వచ్చే చిన్న వానలను స్వాహిలీలో వులి అంటారు, మార్చి–మే నెలల పెద్ద వానలను మసికా అంటారు. భూమధ్యరేఖకు అటూ ఇటూ సూర్యుడి వెంట ఊగే వానపట్టీ తూర్పు ఆఫ్రికాను ఏడాదికి రెండుసార్లు దాటడం వల్ల ఈ రెండు వానకాలాలు ఏర్పడ్డాయి. మసికా ముగిశాక ఆ పట్టీ ఉత్తరానికి జరిగితేనే మనకు నైరుతి ఋతుపవనాలు వస్తాయి. హిందూ మహాసముద్రపు పడమటి భాగం తూర్పు భాగంకన్నా వేడెక్కిన ఏళ్ళలో తూర్పు ఆఫ్రికాకు విపరీతమైన వులి వానలు కురుస్తాయి. 2019 అలాంటి ఏడాది. ఆ ఏడు చివర్లో తూర్పు ఆఫ్రికాలో వరదలు ముంచెత్తాయి. అంతకుముందు మన దేశంలోనూ ఋతుపవన వర్షం మామూలుకన్నా ఎక్కువే పడింది.

ఏడాది తిరుగుడు

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు మందలు దక్షిణాన ఎన్‌డుటు చుట్టుపక్కల పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటాయి. వానలు వెనకబడి, గుంటలు ఎండి, మిగిలిన నీరు చవిటిబారగానే నిలవలేవు. గ్నూకు ఒకటి రెండు రోజులకోసారి నీళ్ళు తాగితే గానీ గడవదు. మే నెలలో వాయవ్యానికి కదలిక మొదలవుతుంది. కొన్ని మందలు గ్రుమెటి నది పారే పడమటి పార్శ్వం మీదుగా, కొన్ని నేరుగా సెరెంగెటి నడిబొడ్డు మీదుగా సాగుతాయి. జూలైకల్లా ముందు నడిచినవి ఉత్తరాన మారా నది ఒడ్డుకు చేరతాయి. అక్టోబరు దాకా నదికి అటూ ఇటూ మేస్తూ గడిపి, వులి చినుకులు పడగానే తూర్పు అంచు వెంబడి దక్షిణానికి మళ్ళుతాయి. మ్యాపు మీద గీస్తే ఇది గడియారపు ముల్లు తిరిగే దిశలో ఒక వంకర వలయం.

ఆ గీతను చూసి రైలు పట్టాల్లాంటి దారి ఉందనుకోకూడదు. ఏ నెలలో ఎక్కడ ఉంటాయన్నది ఆ ఏటి వానను బట్టి వారాల తరబడి ముందూ వెనకా అవుతుంది. ఫిబ్రవరిలో మైదానాలు ఎండితే అడవి అంచులకు జరిగి, వాన పడగానే మళ్ళీ వెనక్కి వస్తాయి. ఆగస్టులో మారా దాటిన మంద వారం తిరక్కుండా అదే నదిని వెనక్కి దాటడం మామూలే. ఎక్కడ జల్లు పడి గడ్డి చిగురించిందో అటు నడవడమే వాటికి తెలిసిన విద్య. ముందు నడిచే నాయకుడంటూ ఎవరూ ఉండరు. ప్రతి జంతువూ పక్కదాన్ని చూసి అడుగేస్తుంది, మంద మొత్తం ఒక దిక్కుకు తిరుగుతుంది. రేడియో పట్టీలు కట్టి చూస్తే ఒక్కో గ్నూ ఏడాదిలో నడిచే దూరం వలయం చుట్టుకొలతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది.

ఈత

గ్నూల జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం జనవరి చివర, ఫిబ్రవరిలో దక్షిణ మైదానాల్లో జరుగుతుంది. ఏడాదిలో పుట్టే దూడల్లో దాదాపు 80 శాతం రెండు మూడు వారాల వ్యవధిలోనే పుడతాయి. లక్షల్లో ఉన్న ఆడ గ్నూలు ఇలా ఒకేసారి ఈనడానికి కారణం అవి ఒకేసారి చూలు కట్టడం. మే–జూన్ నెలల్లో, నడక మధ్యలోనే, పోతులు ఉన్నచోటే చిన్న చిన్న జాగాలు కాచుకుని, దారిన పోయే ఆడవాటిని నిలేసి జతకడతాయి. ఎనిమిది నెలల పైచిలుకు చూలు మోసి తల్లులు సరిగ్గా బూడిదనేల పచ్చబడే వేళకు అక్కడికి చేరతాయి. పాలిచ్చే తల్లికి కాల్షియం, భాస్వరం ఎంత కావాలో అంత దొరికే గడ్డి ఈ వలయం మొత్తంలో అక్కడే ఉంది. ఉత్తరపు గడ్డి మేస్తూ దూడను సాకడం తల్లికి కష్టం.

అందరూ ఒకేసారి ఈనడంలో మరో లాభం ఉంది. సింహాలు, దుమ్ములగొండ్లు, చిరుతపులులు ఎంత తిన్నా వాటి కడుపుకు ఒక హద్దుంటుంది. మూడు వారాల్లో లక్షల దూడలు నేలమీద పడితే వేటజీవులు తినగలిగింది అందులో కొంతే. ముందుగానో ఆలస్యంగానో పుట్టిన దూడలే ఎక్కువగా బలవుతాయని రిచర్డ్ ఎస్టెస్ 1960లలోనే గమనించాడు. పుట్టిన దూడ ఏడెనిమిది నిమిషాల్లో లేచి నిలబడుతుంది, ఆపైన కాసేపటికే తల్లి పక్కన పరుగెత్తుతుంది. జింకలు పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతాయి. గ్నూకు దాచే అలవాటు లేదు, దాచడానికి ఆ బయల్లో చోటూ లేదు. తొలి రెండు రోజుల్లో మందలో తల్లిని తప్పిపోయిన దూడకు మాత్రం బతుకు లేనట్టే; మరో తల్లి పాలివ్వదు.

ఒకదాని వెనక ఒకటి

మందలన్నీ కలిసే కదులుతున్నట్టు పైనుంచి కనిపించినా వాటి మేతలో తేడా ఉంది. ముందు జీబ్రా వస్తుంది. అది నెమరువేయని జంతువు, గుర్రానికి చుట్టం. ముదురు గడ్డిని, కాడలతో సహా, పెద్ద మొత్తంలో మింగి త్వరగా అరిగించుకుంటుంది. ఆ పై గడ్డి పోయాక బయటపడే ఆకును వెడల్పాటి మూతితో గ్నూ కొరుకుతుంది. చివరగా, నేలకు అంటుకున్న చిగుళ్ళను, గడ్డి మధ్య మొలిచిన చిన్న ఆకుమొక్కలను ఏరుకుని తినడానికి థామ్సన్ గజెల్ వస్తుంది. ఈ జింక మన కృష్ణజింకకు దగ్గరి బంధువు. ఈ క్రమాన్ని 1960–70లలో రిచర్డ్ బెల్ వంటివారు వివరించారు. గ్నూలు మేసిపోయిన చోట తిరిగి మొలిచిన గడ్డి మీదకే గజెల్‌లు చేరుతున్నాయని శామ్యూల్ మెక్‌నాటన్ 1970లలో కొలిచి చూపించాడు.

చాలా ఏళ్ళపాటు పాఠ్యపుస్తకాలు దీన్ని ఒకరికొకరు చేసుకునే సాయంగానే చెప్పాయి. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ కథను సగం మార్చింది. దారుల వెంట అమర్చిన కెమెరాల చిత్రాలు, పేడలో దొరికిన మొక్కల డీఎన్‌ఏ కలిపి చూస్తే, జీబ్రాలు ముందుండేది వెనకవాళ్ళకు దారి తీయడానికి కాదని తేలింది. గ్నూల మంద వచ్చిపడితే మేత మిగలదు కనుక అవి ముందుకు తోసుకుపోతున్నాయి. గజెల్‌లు మాత్రం నిజంగానే గ్నూలు వదిలిన చిగురు కోసం వెనక వస్తున్నాయి. అంటే ముందు భాగంలో పోటీ ఉంది, వెనక భాగంలో లాభం ఉంది.

నది

మారా నది కెన్యాలోని మావు అడవుల చిత్తడిలో పుట్టి, సుమారు 400 కిలోమీటర్లు పారి విక్టోరియా సరస్సులో కలుస్తుంది. ఈ వలసప్రాంతంలో ఎండాకాలంలోనూ ఎండని నది ఇదొక్కటే. జూలై నుంచి అక్టోబరు వరకు మందలు దీన్ని దాటే దృశ్యం కోసమే ఎక్కువమంది పర్యాటకులు వెళతారు. ఒడ్డున వేలకొద్దీ జంతువులు గంటల తరబడి తటపటాయించి, ఒకటి దూకగానే మిగతావన్నీ కట్టతెగినట్టు దూకడం, ఎదురొడ్డు నిటారుగా ఉంటే ఒకదానిమీద ఒకటి పడి తొక్కుకోవడం, మొసళ్ళు, ప్రవాహం. చూడదగ్గదే. కానీ వలస అంటే ఇదేనన్నట్టు చూపించే డాక్యుమెంటరీలు చూసేవారికి అన్యాయమే చేశాయి.

2017లో అమండా సుబలుస్కీ బృందం ప్రచురించిన లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. మారా నదిలో ఏటా సగటున 6,250 గ్నూలు మునిగి చనిపోతున్నాయి. మందలో ఇవి నూటికి ఒక వంతు కూడా కావు. చాలావరకు చచ్చేది మొసలి నోటబడి కాదు, తొక్కిసలాటలో, వరద వేగంలో. అయితే నదికి మాత్రం ఇది పెద్ద పంట. ఏటా దాదాపు 1,100 టన్నుల కళేబరాలు నీటిలో చేరతాయి. మెత్తటి మాంసం కొన్ని వారాల్లో కుళ్ళి చేపలకు, రాబందులకు, మారబూ కొంగలకు ఆహారమవుతుంది. ఎముకలు కరగడానికి ఏడేళ్ళ దాకా పడుతుంది. వాటిపై పట్టే నాచుపొరను చేపలు ఏడాది పొడవునా గీక్కుతింటాయి. ఆ ఎముకల నుంచి భాస్వరం నెమ్మదిగా నీటిలోకి దిగుతూ ఉంటుంది. దక్షిణ మైదానపు బూడిదలోని భాస్వరం గడ్డిలోంచి గ్నూ ఎముకల్లోకి, ఎముకల్లోంచి ఉత్తరాన మారా నదిలోకి, అక్కడినుంచి విక్టోరియా సరస్సు దాకా చేరుతోందన్నమాట.

వేటజీవులు, ఆకలి

సింహాలు గ్నూల సంఖ్యను అదుపు చేస్తాయన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. సెరెంగెటి విషయంలో అది నిజం కాదు. అక్కడి సింహాలు సుమారు మూడు వేలు. వాటి కూనలు వందల కిలోమీటర్లు నడవలేవు కనుక సింహం తన ఇలాకా వదలదు. మంద వచ్చినప్పుడు పండగ, పోయాక పస్తు. మందలేని నెలల్లో తిండి దొరక్క చనిపోయే కూనలు ఎక్కువ. అంటే సింహాల సంఖ్యను నిర్ణయించేది గ్నూలు దూరంగా ఉండే కాలం. దుమ్ములగొండ్లది ఇంకో పద్ధతి. అవి పిల్లలను బొరియలో ఉంచి, మంద ఉన్నచోటికి పదుల కిలోమీటర్లు నడిచి వెళ్ళి, కడుపునిండా తిని, పాలివ్వడానికి తిరిగి వస్తాయి. రుప్పెల్ రాబందులకు ఈ ఇబ్బందులేవీ లేవు. గోల్ కొండల చరియల్లో గూళ్ళు కట్టుకుని, రెక్క కదల్చకుండా వేడిగాలి మీద తేలుతూ వంద కిలోమీటర్లు దాటి మందల మీదికి వెళతాయి. సెరెంగెటిలో చచ్చిన జంతువుల మాంసంలో వేటజీవులన్నీ కలిసి తినేదానికన్నా రాబందులు తినేదే ఎక్కువని 1970లలో డేవిడ్ హౌస్టన్ లెక్కవేశాడు.

మరి గ్నూల సంఖ్యకు పగ్గం వేసేదేమిటి? ఎండాకాలపు ఆకలి. చచ్చిన జంతువుల ఎముకల్లోని మూలుగను పరీక్షిస్తే, నాలుగింట మూడు వంతుల మరణాలు తిండి చాలకే సంభవించాయని 1999లో సైమన్ మ్దుమా తదితరులు తేల్చారు. ఎండనెలల్లో పడే నాలుగు చినుకులు ఆ ఏటి చావులను నిర్ణయిస్తాయి. 1993 కరువులో మంద సుమారు 9 లక్షలకు పడిపోయింది. ఎప్పుడూ ఒకేచోట ఉండే గ్నూ మందలను వేటజీవులు అదుపు చేయగలవు; వలసపోయేవాటిని అవి వెంటాడలేవు. అందుకే వలస మందలు స్థిరంగా ఉండే మందలకన్నా ఎన్నో రెట్లు పెద్దవిగా ఉంటాయని జాన్ ఫ్రిక్సెల్, ఆంథొనీ సింక్లెయిర్ 1988లో ప్రతిపాదించారు.

ముసర చేసిన చరిత్ర

సెరెంగెటి అనగానే అనాదిగా ఇలాగే ఉందన్న భావం కలుగుతుంది. నిజానికి ఇప్పుడు కనిపించే పరిమాణం 1970లలో ఏర్పడింది. దాని వెనక ఉన్న కథ పశువుల రోగానిది.

మన పల్లెల్లో ముసర వ్యాధి అని భయపడే రిండర్‌పెస్ట్ 1880ల చివర్లో ఎరిత్రియా తీరాన దిగింది. ఇటలీ సైన్యం కోసం ఓడల్లో తెచ్చిన పశువులతో అది వచ్చిందని, ఆ పశువులు మన దేశం నుంచి వచ్చినవేనని చాలామంది చరిత్రకారులు రాశారు. పదేళ్ళు తిరక్కుండా ఆ రోగం దక్షిణాఫ్రికాలోని కేప్ దాకా పాకింది. తూర్పు ఆఫ్రికాలో పదింట ఎనిమిది తొమ్మిది పశువులను చంపింది. మందలే ఆస్తిగా బతికే మసాయిలు కరువులో కొట్టుకుపోయారు. గ్నూ, అడవిదున్న కూడా అదే రోగంతో కుప్పకూలాయి. ఆ తర్వాత 70 ఏళ్ళపాటు ఏటా దూడలను ఆ వైరస్ ఏరుకుపోతూనే ఉంది.

ఫ్రాంక్‌ఫర్ట్ జూ డైరెక్టరు బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్, ఆయన కొడుకు మైకేల్ 1950ల చివర్లో జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో తిరుగుతూ ఇక్కడి జంతువులను మొదటిసారి లెక్కించినప్పుడు దొరికిన గ్నూలు దాదాపు లక్ష మాత్రమే. 1959 జనవరిలో ఆ విమానాన్ని రాబందు ఢీకొని మైకేల్ మరణించాడు. వాళ్ళు తీసిన చిత్రం ‘సెరెంగెటి చావకూడదు’ మరుసటి ఏడాది ఆస్కార్ గెలిచింది. ఆ సినిమాతోనే ప్రపంచం ఈ పేరు విన్నది.

అదే కాలంలో కెన్యాలోని ముగుగా పరిశోధనశాలలో వాల్టర్ ప్లోరైట్ తయారుచేసిన టీకా రంగంలోకి వచ్చింది. పార్కు చుట్టూ ఉన్న ఊళ్ళలో పశువులకు టీకాలు వేయగానే అడవి జంతువుల్లోనూ రోగం మాయమైంది. రోగం పశువుల నుంచి అడవికి పోతోందే తప్ప అడవిలో పుట్టడం లేదని అప్పుడు రుజువైంది. 1961లో రెండున్నర లక్షలున్న గ్నూలు 1977 నాటికి 13–14 లక్షలయ్యాయి. ప్లోరైట్‌కు 1999లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. 2011లో రిండర్‌పెస్ట్ భూమ్మీద లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మానవులు పూర్తిగా తుడిచిపెట్టిన రోగం ఇదే.

గ్నూలు పెరిగాక గడ్డి పొట్టిదైంది. గడ్డి తగ్గేసరికి ఎండాకాలపు కార్చిచ్చులు తగ్గాయి. మంటలు తగ్గడంతో మొక్కలు చెట్లుగా ఎదిగాయి. ఆకులు మేసే జంతువులకు మేత పెరిగింది. ఒకప్పుడు మంటల్లో కార్బన్‌ను వదిలిన నేల ఇప్పుడు చెట్లలో, మట్టిలో దాచుకుంటోందని 2009లో రికార్డో హోల్డో బృందం చూపింది. ఆవుకు వేసిన సూది అడవినే మార్చింది.

మసాయిలు

పార్కు ఏర్పడటానికి ముందు శతాబ్దాలుగా ఈ మైదానాల్లో గ్నూలతో పాటు మసాయిల ఆవులు మేశాయి. రెండింటి మధ్య ఒక నియమం ఉండేది, ఇప్పటికీ ఉంది. గ్నూ దూడలు పుట్టిన మొదటి మూడు నాలుగు నెలలు ఒక హెర్పెస్ వైరస్‌ను వదులుతాయి. గ్నూకు దానివల్ల ఏమీ కాదు, ఆవుకు సోకితే మాత్రం చావే. అందుకే ఈత కాలంలో, గడ్డి అన్నిటికన్నా బలంగా ఉండే ఆ నెలల్లోనే, మసాయిలు తమ మందలను మైదానాల నుంచి ఎత్తు ప్రాంతాలకు తోలుకుపోతారు. ముసర పోయి గ్నూలు ఐదింతలైనప్పుడు ఆ వైరస్ పరిధి కూడా పెరిగింది; టీకా లాభం పశుకాపరికి ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో కొంత పోయింది.

1959లో సెరెంగెటి పార్కు నుంచి మసాయిలను తరలించి, వారు పశువులతో ఉండటానికి న్గోరోంగోరో సంరక్షణ ప్రాంతాన్ని ఏర్పరిచారు. ఆ మాట నిలబడలేదని వారి ఫిర్యాదు. ఇటీవలి సంవత్సరాల్లో న్గోరోంగోరో నుంచి వారిని దూరంగా ఉన్న మ్సోమెరాకు తరలించే కార్యక్రమం సాగుతోంది. 2022 జూన్‌లో సెరెంగెటి పక్కనున్న లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమికి ప్రభుత్వం హద్దురాళ్ళు పాతినప్పుడు పోలీసులకూ మసాయిలకూ ఘర్షణ జరిగింది. జంతువులను కాపాడటానికే ఈ ఖాళీ చేయింపులన్న వాదన బలహీనంగా ఉంది. పార్కు రాకముందు నుంచీ వలసదారిని కంచెలు లేకుండా తెరిచి ఉంచింది పశువుల కాపరులే.

మిగతా వలసలు

సెరెంగెటిదే ప్రపంచంలో అతిపెద్ద వలస అని చాలా పుస్తకాల్లో ఉంది. ఆ మాటను ఇప్పుడు సవరించుకోవాలి. దక్షిణ సూడాన్‌లోని బోమా, బాడింగిలో ప్రాంతాల మీదుగా 2023లో జరిపిన విమాన సర్వే ఫలితాలను 2024లో ప్రకటించారు. తెల్లచెవుల కోబ్ జింకలు సుమారు 50 లక్షలు, వాటితో టియాంగ్‌లు, మొంగల్లా గజెల్‌లు, రీడ్‌బక్‌లు కలిపి 60 లక్షల దాకా ఉన్నాయని అంచనా. దశాబ్దాల అంతర్యుద్ధం మధ్య, పర్యాటకులూ కెమెరాలూ లేనిచోట ఇంత మంద మిగిలింది. అక్కడ ఇప్పుడు మోటారు సైకిళ్ళు, తుపాకులు, మాంసం వ్యాపారం పెరుగుతున్నాయి.

జాంబియాలోని లియువా మైదానంలో పదుల వేల సంఖ్యలో గ్నూలు వలసపోతాయి. దక్షిణాఫ్రికా కరూ ప్రాంతంలో స్ప్రింగ్‌బక్ జింకలు ఊళ్ళను ముంచెత్తుతూ సాగిన మహా ప్రయాణాలు 1890లతో ముగిశాయి. వేట, కంచెలు వాటిని మింగేశాయి.

కంచెలు

వలసను చంపడానికి జంతువును చంపనక్కరలేదు, దారికి అడ్డంగా ఒక తీగ కడితే చాలు. యూరప్‌కు గొడ్డుమాంసం అమ్మాలంటే పశువులకు గాలికుంటు లేదని చూపించాలి. అందుకోసం బోత్స్వానా 1950ల నుంచి అడవి జంతువులకూ పశువులకూ మధ్య వందల కిలోమీటర్ల కంచెలు కట్టింది. 1980ల కరువులో నీళ్ళకోసం ఉత్తరానికి నడిచిన కలహారి గ్నూలు ఆ కంచెల దగ్గర వేలకు వేలు చచ్చాయి. ఆ మంద మళ్ళీ కోలుకోలేదు.

అదే దేశంలో ఇంకో ఉదాహరణ ఉంది. ఒకవాంగో డెల్టాకూ మక్గాడిక్గాడి ఉప్పుమైదానాలకూ మధ్య 1968లో కట్టిన కంచెను 2004లో తీసేశారు. కొద్ది ఏళ్ళకే జీబ్రాలు రానూపోనూ 500 కిలోమీటర్లకు పైగా ఆ దారిన నడవడం జీపీఎస్ పట్టీల్లో నమోదైంది. అడవిలో జీబ్రా ఆయుష్షు అటూ ఇటుగా పన్నెండేళ్ళు. పాత దారిని ఎరిగిన జీబ్రా ఒక్కటి కూడా బతికి ఉండే అవకాశం లేదు. వానపచ్చను వెంబడించి అవి దారిని కొత్తగా కనిపెట్టాయనే అనుకోవాలి.

కెన్యా వైపు నుంచి మారాకు వచ్చే లోయిటా మైదానాల వలసకు ఆ అదృష్టం లేదు. 1977లో 1,19,000 ఉన్న ఆ గ్నూలు 1997 నాటికి 22,000కు తగ్గాయి. అవి ఈనే మైదానాలను దున్ని గోధుమ వేయడమే ప్రధాన కారణం. ఉమ్మడి మేతభూములు సొంత కమతాలుగా విడిపోయాక కంచెలు మొలిచాయి. ఇప్పుడు మారా చుట్టూ పర్యాటక సంస్థలు భూయజమానులకు నెలనెలా కౌలు చెల్లించి, కంచె వేయకుండా ఉంచే ఒప్పందాలు నడుస్తున్నాయి. పర్యాటకులు రాని ఏడాది కౌలు ఎవరిస్తారన్న ప్రశ్న కోవిడ్ కాలంలో గట్టిగానే ఎదురైంది.

సెరెంగెటి ఉత్తర భాగం మీదుగా హైవే వేస్తామని టాంజానియా ప్రభుత్వం 2010లో ప్రకటించింది. తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం 2014 జూన్‌లో తారు రోడ్డు వేయరాదని తీర్పిచ్చింది. మారా నదికి పైన మావు అడవి నరికివేత, పొలాలకు నీటి మళ్ళింపు వల్ల ఎండాకాలపు ప్రవాహం తగ్గే ముప్పు ఇంకా తొలగలేదు.

గ్నూల సంఖ్య గురించీ ఒక మాట. 13 లక్షల లెక్క విమానం నుంచి తీసిన ఫొటోల నమూనాల మీద వేసిన అంచనా. 2022, 2023 ఎండాకాలాల ఉపగ్రహ చిత్రాలను కృత్రిమ మేధతో లెక్కించిన పరిశోధన 2025లో వచ్చింది. దాని ప్రకారం గ్నూలు 6 లక్షలలోపే. చెట్లకింద నిలబడినవి ఉపగ్రహానికి కనపడవు కనుక అసలు సంఖ్య కొంత ఎక్కువే ఉండాలి, కానీ రెండింతల తేడాను చెట్లనీడతో సరిపెట్టడం కష్టం. రెండు పద్ధతులనూ ఒకే ఏడాది, ఒకేసారి నడిపితే గానీ ఈ వాదం తేలదు. అంతవరకు 13 లక్షలన్న అంకెను తిరుగులేనిదిగా రాయడం మానుకోవాలి.

చూడబోయేవారికి

నది దాటడమే చూడాలంటే ఆగస్టు–సెప్టెంబరుల్లో మారా ఒడ్డున ఉండాలి, వాహనాల రద్దీకి సిద్ధపడాలి. వలస అసలు రూపం చూడాలనుకుంటే ఫిబ్రవరిలో టాంజానియాలోని ఎన్‌డుటు మైదానాలకు వెళ్ళడం మేలు. 1977లో రెండు దేశాల మధ్య మూతబడిన సరిహద్దు పర్యాటకులకు మారా–సెరెంగెటిల మధ్య ఇంకా తెరుచుకోలేదు కనుక రెండూ చూడదలచినవారు చుట్టు తిరిగి పోవాలి. కెన్యా వెళ్ళి తిరిగివచ్చే మనవాళ్ళ దగ్గర పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా పత్రం ఉండాలి; ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే టీకా వేయించుకోవాలి.